మా వీధికి షీల్డు తెచ్చిన కంపు పురుగు

కంపు పురుగు లాంటి ఉపకారి మా వీధికి ఇంతవరకూ రాలేదు. ఇకముందు వస్తుందన్న ఆశ కూడా నాకు లేదు.

నవ్వకండి! చాలా గంభీరంగా చెబుతున్నాను. ఏళ్ల తరబడి ఎదురెదురు గుమ్మాల్లో ఉంటూ, పాలప్యాకెట్టు తీసుకునేటప్పుడు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోని మా జనాన్ని ఒక్కతాటి మీదికి తెచ్చిందెవరు? నాయకులా? ఉపన్యాసాలా? కాదు. బొటనవేలి గోరంత పురుగు! అలాంటి పురుగును పట్టుకుని చీడ, పీడ అంటున్నారే, మీకు నోరెలా వస్తోంది?

దాన్ని ఇంకా చూడని అభాగ్యుల కోసం చిన్న పరిచయం. ఎండుటాకు రంగు. డాలు ఆకారం. పార్కులో రిటైరైన అధికారి నడిచినట్టు నిదానమైన నడక. కుట్టదు, కరవదు. నొక్కితే మాత్రం ఒక వాసన వదులుతుంది. కాలిన రబ్బరునీ కుళ్లిన ఆకుకూరనీ కలిపి, తడిసిన మేజోడులో మూటగట్టినట్టుంటుంది. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిందట. సరుకుల చెక్కపెట్టెల సందుల్లో దూరి, టిక్కెట్టూ వీసా లేకుండా మా ఊరు చేరింది. అక్కడ దాన్ని తినే జీవులున్నాయి. ఇక్కడ లేవు. అందుకే ఎండాకాలమంతా ఊరి చుట్టూ ఉన్న పళ్లతోటల్లో మేసి, చలి మొదలవగానే వెచ్చని చోటు వెతుక్కుంటూ ఇళ్లమీద పడుతుంది.

మా వీధిలో అన్నిటికంటే వెచ్చని చోటు ఏది? ఇస్త్రీ అక్కయ్య దుకాణం!

వీధి మలుపులో ఒక్క గది, ఒక షట్టరు. లోపల పొడవాటి బల్ల, ఆవిరి ఇస్త్రీ పెట్టె, గోడ పొడవునా హ్యాంగర్లు. అక్కయ్య అంటే వీధి మొత్తానికీ అక్కయ్యే. ఆవిడకంటే పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు. ఆవిడ భర్త, బస్సు డ్రైవరు, ఆ లెక్కన అందరికీ బావగారు. దుకాణానికి వెన్నెముక మాత్రం మూడు వీధుల అవతల ఉన్న ఆసుపత్రి. డాక్టర్ల, సిస్టర్ల తెల్లకోట్లన్నీ అక్కయ్య చేతిమీదుగానే వెళతాయి. వీధిలో మేమిచ్చే నాలుగు చొక్కాలతో షట్టరు తాళం కూడా కొనలేమని ఆవిడే అంటుంటుంది. కోట్లు ఉంటే దుకాణం ఉన్నట్టు. కోట్లు పోతే పోయినట్టే.

తెల్లకోటు మడతలో ఒక పురుగు. దానిమీద వేడి ఇస్త్రీ పెట్టె. ఆ తర్వాత ఏమవుతుందో నేను చెప్పాలా?

అందుకే పురుగులు కనబడ్డ మొదటి ఏడాదే ఏదో ఒకటి చేయమని గోల చేసింది అక్కయ్యే. ఆ గోల మా వీధి సంఘం అధ్యక్షుడి చెవిన పడింది. ఆయన్ని మైకు బాబాయి అంటాం. ఆయన చేతికి వెళ్లిన మైకు తిరిగి రావడం ఎవరూ చూడలేదు. మైకు లేకపోతే పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడతారు. బాబాయి మున్సిపల్ ఆఫీసుకు వెళ్లారు. "పరిశీలనలో ఉంది" అన్నారు వాళ్లు.

ఆ మాట మాకు కొత్త కాదు. వీధి మొదట్లో ఒక గుంత ఉంది. అదీ పరిశీలనలోనే ఉంది. ఎంతకాలంగా అంటే, ఇప్పుడు మా చిరునామాలన్నీ దాంతోనే మొదలవుతాయి. "గుంత దాటాక కుడివైపు ఇల్లు" అంటే ఎవరైనా తిన్నగా వచ్చేస్తారు. వానపడితే మాత్రం ఆ గుంత ఎక్కడుందో కనబడదు. వచ్చినవాళ్లు కాలుతో కనుక్కుంటారు.

అయితే మున్సిపల్ ఆఫీసు చేతులు ముడుచుకుని కూర్చుందనుకోకండి. పురుగుల్ని ఏం చేయాలో తోచక, ఒక పోటీ పెట్టింది! ఏ వీధివాళ్లు ఎక్కువ పురుగులు పట్టి తూకం వేయిస్తే ఆ వీధికి షీల్డు. ఎంత గొప్ప ఆలోచనో చూశారా? పని మనది, ప్రకటన వాళ్లది. మా వీధిలో ఆరోజు నుంచి పురుగును చూసి ఎవరూ మొహం చిట్లించలేదు. దానికిప్పుడు బరువుంది కదా!

బాబాయి ఎరబోనులు తెప్పించారు. గొట్టంలాంటి వల, పైన ప్లాస్టిక్ డబ్బా, డబ్బాలో ఒక ఎర పొట్లం. ఆ పొట్లం వాసన మనకు తెలియదు. పురుగులకు మాత్రం "రండి, అందరూ ఇక్కడే ఉన్నాం" అని పిలిచినట్టు ఉంటుందట. అమ్మినతను సభకు వచ్చి, వాడే పద్ధతి చెప్పడం మొదలుపెట్టాడు. "వీటిని ఇళ్లకి బాగా దూరంగా, ఖాళీ స్థలంలో కట్టుకోండి. ఎందుకంటే ఈ వాసనకి చాలా దూరం నుంచి కూడా..." అనేంతలో మైకు బాబాయి చేతిలోకి వెళ్లిపోయింది.

"ఖాళీ స్థలంలో కడితే ఎవరు చూస్తారు?" అన్నారు బాబాయి.

నిజమే కదా! మనం కష్టపడి పురుగులు పడుతుంటే నలుగురూ చూడొద్దూ? ప్రతి గేటుకూ ఒక బోను కట్టాలని తీర్మానం. అన్నిటికంటే పెద్ద బోను ఎక్కడ కట్టాలన్న దగ్గర కాస్త పట్టుదలలు వచ్చాయి. మంగలి షాపు తమ్ముడు తన షాపు ముందన్నాడు. అక్కయ్య ఊరుకోలేదు. ఈ పురుగులతో అందరికంటే ఎక్కువ నష్టపోయేది తనే కాబట్టి, తన దుకాణం ఎదుటి దీపస్తంభానికే కట్టాలని లేచి నిలబడి మరీ సాధించుకుంది. సాధించుకున్నాక తమ్ముడి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు తర్వాత ఆవిడకు చాలాసార్లు గుర్తొచ్చింది.

ఇక చూడాలి మా వైభవం! మొదటి వారమే డబ్బాలు నిండిపోయాయి. ఆదివారం తూకం. తూచే బాధ్యత బావగారిది. డ్యూటీ యూనిఫారం వేసుకుని, కొక్కెం త్రాసు పట్టుకుని గేటు గేటుకూ తిరిగారు. బస్సులో ఆయన్ని ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ ఆయన పెదవి కదిపితే వీధంతా చెవి రిక్కిస్తుంది. రెండోవారం ఇంకా ఎక్కువ. మూడోవారం డబ్బాలు చాలక బకెట్లు తెచ్చారు. "మీ బోనుకి ఎలా పడుతున్నాయండీ?" అని జనం పలకరించుకోవడం మొదలైంది. ఒకాయన పురుగుల్ని నీళ్లలో తడిపి తూకం పెంచాడని గొడవ జరిగి, రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేశాయి. మానేయడానికైనా ముందు మాట్లాడుకున్నట్టే కదా! అదెవరి పుణ్యం?

ఎన్ని పడుతుంటే అంత విజయమని బాబాయి. పడేకొద్దీ ఇంకా ఎక్కువ ఎందుకు వస్తున్నాయని ఒక్కరూ అడగలేదు. విజయాన్ని ఎవరైనా ప్రశ్నిస్తారా?

అక్కయ్య దుకాణంలో మాత్రం కథ వేరుగా నడుస్తోంది. బోనులో పడేవి పడుతున్నాయి. పడటానికి వచ్చి, దారిలో వెచ్చని గది కనబడి ఆగిపోయేవి అంతకు నాలుగింతలున్నాయి. షట్టరు గాడిలో పురుగు. హ్యాంగరు వంపులో పురుగు. చొక్కా జేబులో పురుగు. అక్కయ్య ప్రతి బట్టనూ గుమ్మంలో దులిపి, బల్లమీద పరిచి, చేత్తో తడిమి చూసి, అప్పుడు ఇస్త్రీ పెట్టె ఆనిస్తోంది. అయినా రెండుసార్లు ఆవిరితోపాటు ఆ వాసన లేచింది.

ఒకరోజు ఆసుపత్రి నుంచి హెడ్ సిస్టరు స్వయంగా వచ్చింది. మడతపెట్టిన కోటు ఒకటి బల్లమీద పెట్టి, వాసన చూడమంది. చూడనక్కర్లేదు, గుమ్మంలోనే తెలిసిపోయింది అక్కయ్యకు.

"మొన్నొకాయన కళ్లు తిరిగి పడిపోతే ఈ కోటు దగ్గరపెట్టి లేపాం," అంది సిస్టరు. "అంతవరకూ బానే ఉందమ్మా. కానీ మిగతా రోగులంతా మెలకువగానే ఉన్నారు కదా."

అక్కయ్య నవ్వలేకపోయింది. సిస్టరు కూడా నవ్వించడానికి అనలేదు. వచ్చే సోమవారం కోట్లు తను ఒక్కొక్కటీ వాసన చూసి తీసుకుంటానని, ఒక్కటి కంపు కొట్టినా మొత్తం పని పెద్ద మిషన్ లాండ్రీకి వెళ్లిపోతుందని చెప్పింది. చెప్పి గుమ్మం దిగుతూ, "నాకూ నీ చేతి కాలరే ఇష్టం. తర్వాత నన్ననుకోకు," అంది.



సరిగ్గా అదే వారం దీపస్తంభానికి రంగు వేయడానికి మనిషి వచ్చాడు. (అది మాత్రం పరిశీలన లేకుండానే జరిగింది. ఎందుకో ఎవరికీ తెలియదు.) రంగు ఆరేదాకా పెద్దబోనును విప్పి మంగలి షాపు చూరుకు వేలాడదీశారు. మర్నాడు అక్కయ్య దుకాణం తెరిస్తే షట్టరు గాడి ఖాళీ. ఆ మర్నాడు హ్యాంగర్లు ఖాళీ. అక్కడ మంగలి షాపులో తువాలు దులిపితే పురుగులు రాలుతున్నాయి. గడ్డానికి నురగ పట్టించుకుని కూర్చున్న పెద్దమనిషి ఒకాయన సగం నురగతోనే లేచి రోడ్డుమీదికి వచ్చేశాడు.

సాయంత్రానికి తమ్ముడు అక్కయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, స్తంభం రంగు ఆరిందా?"

"మొన్ననేగా వేశారు."

"నేను ఇప్పటికి మూడుసార్లు చూసొచ్చా. వేలికి అంటట్లేదు."

బోను తిరిగి స్తంభమెక్కింది. పురుగులు తిరిగి షట్టరు గాడిలోకి వచ్చాయి. అప్పుడు అక్కయ్యకు అంతా వెలిగింది. ఆ అమ్మినతను మైకు పోయేముందు చెప్పబోయిందేమిటో అర్థమైంది. వచ్చినవి మా వీధి పురుగులు కావు. ఊరి పురుగులన్నీ పిలుపందుకుని మా వీధికి వస్తున్నాయి! పిలుస్తున్నది మేమే. అందులో పెద్దగొంతుతో పిలుస్తున్నది తన దుకాణం ఎదుటి స్తంభం. అక్కడ కట్టించుకున్నది తనే.

ముందు ఇంట్లో కదిపింది. బావగారు త్రాసు తుడుచుకుంటూ, పోటీ అయ్యేదాకా ఓర్చుకోమన్నారు. "ఆ బోను మీదే మన వీధి నిలబడి ఉంది," అన్నారు.

"వీధి నిలబడిందిలే. దుకాణం కూలబడుతోంది," అంది అక్కయ్య.

తర్వాత సంఘం సభలో లేచి, బోనులన్నీ ఊరవతల ఖాళీ స్థలానికి మార్చేద్దామంది. ఒక్కసారిగా సభ గొల్లుమంది. ఒక్క దుకాణం కోసం వీధి పరువు తీస్తావా అన్నారు. తూకం ఆదివారమే ఉంటే ఇప్పుడా ఈ మాట అన్నారు. బాబాయి అందర్నీ ఊరుకోబెట్టి, చలిగా ఉందని సైనికుడు సరిహద్దు వదిలి వచ్చేస్తాడా అమ్మాయ్ అని అడిగారు.

"సైనికుడు శత్రువుని ఎర వేసి ఇంటికి పిలుచుకోడు కదా బాబాయ్," అంది అక్కయ్య.

మంగలి షాపు తమ్ముడొక్కడే చప్పట్లు కొట్టాడు. పక్కన ఇంకెవరూ కొట్టకపోయేసరికి ఆ చేతులతోనే తల సవరించుకున్నాడు. తీర్మానం వీగిపోయింది.

చూశారా పాఠకులారా, ప్రజాస్వామ్యం! పురుగు లేని రోజుల్లో మా వీధి సభకు కుర్చీలు నిండేవి కావు. ఇప్పుడు నిలబడ్డానికి చోటు లేదు. అందరూ ఏకగ్రీవంగా ఒక మనిషి బతుకుతెరువు మీద నిలబడ్డారు. ఇంత ఐకమత్యం మీ వీధిలో ఉందా?

మర్నాడు అక్కయ్య బల్లమీద ఒకవైపు ఆసుపత్రి కోట్ల మూట ఉంది. విప్పాలంటే భయం. ఇంకోవైపు బాబాయి కోటుంది. షీల్డు అందుకోవడానికి వేసుకునేది. ముందు అదే అందుకుంది. కాలరు నొక్కుతూ ఆలోచిస్తోంది. బోనులు ఖాళీ స్థలంలో ఎందుకు కట్టలేదు? ఎవరూ చూడరని. మా గేట్లకు ఎందుకు కట్టారు? నలుగురూ చూస్తారని. పురుగుల గురించి చెబితే బాబాయి చెవికెక్కలేదు. మరి చూసేవాళ్ల గురించి చెబితే?

ఇస్త్రీ పెట్టె పక్కనపెట్టి, కోటును హ్యాంగరుకు తగిలించి, తనే స్వయంగా పట్టుకెళ్లింది. నిన్న సభలో తొందరపడి మాట్లాడానని ముందు ఒప్పేసుకుంది. బాబాయి మెత్తబడ్డారు.

"కానీ బాబాయ్, మన బోనుల్ని మనమే చూసుకుని మనమే మురిసిపోతున్నాం. షీల్డు ఇచ్చేవాళ్లు ఎక్కడ కూర్చుంటారు?"

"మున్సిపల్ ఆఫీసులో."

"వాళ్లు కిటికీ తెరిస్తే ఏం కనబడుతుంది?"

"ఏముంది, కాంపౌండులో చెట్లు."

"చెట్లకి ఏమీ లేవా, పాపం?"

బాబాయి పిడికిలి మెల్లగా లేచి నోటి దగ్గరికి చేరింది. అక్కయ్య ఊపిరి పీల్చుకుంది.

ఆ మధ్యాహ్నమే మా వీధి బోనులన్నీ ఊరేగింపుగా బయల్దేరాయి. ముందు బాబాయి, వెనక త్రాసుతో బావగారు. మున్సిపల్ ఆఫీసు చుట్టూ ఒక్క చెట్టు వదలకుండా కట్టారు. పెద్దబోను సరిగ్గా కమిషనరుగారి కిటికీ ముందు. కొత్త ఎర పొట్లాలు వేశారు. ప్రతిదానికీ మా వీధి పేరూ బాబాయి ఫొటో ఉన్న అట్ట. ఇంత చొరవ చూపిన వీధి ఊళ్లో ఇంకొకటి లేదని ఆఫీసువాళ్లు కూడా మెచ్చుకున్నారు. టీ ఇచ్చారు.

మర్నాటి నుంచి ఎండ బాగా కాసింది. పురుగులకు పిలుపందింది.

మా గోడలు ఖాళీ అయిపోయాయి. అక్కయ్య దుకాణంలో మిగిలినవాటిని చీపురుతో ఊడ్చి సబ్బునీళ్ల బకెట్టులో వేసింది. షట్టరు సందులకు గుడ్డపీలికలు కుక్కింది. అప్పుడు కోట్ల మూట విప్పింది. ప్రతి చేతినీ తిరగేసింది. ప్రతి జేబునూ బయటికి లాగింది. బావగారికి ఎలాగూ తూచడానికి ఏమీ లేదు కాబట్టి ఆయన చేతికి దులిపే పని ఇచ్చింది.

సోమవారం హెడ్ సిస్టరు వచ్చింది. ఒక్కొక్క కోటూ తీయడం, ముక్కు దగ్గర పెట్టుకోవడం, పక్కన పెట్టడం. అక్కయ్య బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఆఖరి కోటు దగ్గర సిస్టరు ఆగింది. మళ్లీ వాసన చూసింది. తిప్పి చూసింది.

"ఇది..." అంది.

అక్కయ్య కూడా వంగి కోటు దగ్గర ముక్కు పెట్టింది.

"ఇది నాదే. కాలరు బాగా కుదిరింది," అని మడతేసుకుంది.

ఇక మున్సిపల్ ఆఫీసు సంగతి. పురుగులు మొదట కిటికీల్లో, తర్వాత ఫైళ్ల మడతల్లో, ఆపైన కమిషనరుగారి కుర్చీ దిండు కింద చేరాయి. ఆయన కూర్చున్నారు. అంతకంటే వివరంగా రాయడం మర్యాద కాదు. రబ్బరు స్టాంపు దిగినచోటల్లా ఒక పురుగుండేదట. ఆమోదం పొందిన ప్రతి కాగితమూ కంపు కొట్టింది. (కొన్ని అంతకుముందు నుంచే కొట్టేవని గిట్టనివాళ్లు అంటారు. నేను నమ్మను.)

ఏళ్ల తరబడి పరిశీలనలో ఉన్న పురుగు ఒక్క వారంలో పరిష్కారంలోకి వచ్చింది! అత్యవసర సమావేశం జరిగింది. బోనులమ్మినతన్ని పిలిపించి, మొదటిసారిగా అతని మాట చివరిదాకా విన్నారు. బోనులన్నీ ఊరవతల మైదానానికి వెళ్లాయి. ఇంటింటికీ మనుషులొచ్చి కిటికీలకు జాలీలు బిగించారు. పళ్లతోటల వాళ్ల గోడు వినడానికి అధికారులు పరుగున వెళ్లారు.

షీల్డు మాకే వచ్చింది. ఆఫీసు చెట్లకు పడ్డ తూకం ముందు మరే వీధీ నిలవలేదు. కమిషనరుగారు ఒక చేత్తో ఇచ్చారు. రెండో చెయ్యి ముక్కు మీద ఉంది.

ఇప్పుడు చెప్పండి, కంపు పురుగు చేసిన తప్పేమిటి? దానికి ఊరు కొత్త. ఎక్కడికి వెళ్లాలో తెలియక ముందు మా గుమ్మాల్లోకి వచ్చింది. అక్కడ ఉన్నంతకాలం అది మా సమస్య. సరైన కుర్చీ కిందికి చేరాక ఊరి సమస్య అయింది.

బాబాయి మాత్రం దిగులుగా ఉన్నారు. పురుగుల్లేని వీధికి అధ్యక్షుడెందుకని ఎవరో అన్నారట. ఆదివారాలు బయటికొచ్చి ఖాళీ గోడల వంక చూస్తున్నారు. బావగారి త్రాసు మేకుకు వేలాడుతోంది.

నిన్న అక్కయ్య బాబాయిని వెంటబెట్టుకుని వీధి మొదటికి వెళ్లింది. ఇద్దరూ గుంత దగ్గర నిలబడ్డారు. వచ్చిన షీల్డును ఇంట్లో పెట్టుకుంటే ఎవరు చూస్తారని అక్కయ్య అడుగుతోంది. వీధి చివర ఒక చిన్న సభ పెట్టి, కమిషనరుగారి చేతే దాన్ని ఆవిష్కరింపజేస్తే బాగుంటుంది కదా అంటోంది. ఆయన తన కొత్త కారులోనే వస్తారు కదా అంటోంది.

బాబాయి పిడికిలి మెల్లగా లేచింది.

"ఎప్పుడు పిలుద్దామంటావ్ అమ్మాయ్?"

అక్కయ్య తలెత్తి ఆకాశం వంక చూసింది.

"ఒక వాన పడనీ బాబాయ్," అంది.